అక్క మగ్గానికి నేను చేసిన మేలు

నేను ఎంబీఏ ఫస్టు క్లాసులో పాసయ్యానని చెప్పే పటం ఒకటి నాగర్‌కర్నూల్‌లో మా ఆఫీసు గోడకు వేలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి, "నౌకరి చేసుకుంట ఎట్ల చదివినవమ్మా?" అని గౌరవంగా అడుగుతారు. నేనూ అంతే గౌరవంగా నవ్వి, చాలా కష్టపడ్డానని చెప్తాను. అది పచ్చి అబద్ధం. నేను చేసిందల్లా నిక్షేపంగా నడుస్తున్న ఒక మగ్గాన్ని ఒక్క పూటలో, ఎవరి సాయమూ లేకుండా, ఒంటి చేత్తో చంపేయడం. వరదలకు చావలేదు, మర మగ్గాలు వచ్చినా చావలేదు, నా చదువుకు మాత్రం చచ్చిపోయింది. ఎలాగో చెప్తాను, తీరిగ్గా కూర్చుని నవ్వుకోండి. నేను కూడా నవ్వుతూనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వగలనో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

మాది గద్వాల. నేత ఇల్లు. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పోయింది. మిగిలింది నేనూ, నాకంటే పన్నెండేళ్లు పెద్దదైన మా జములక్కా. అక్కకు పెళ్లయింది, కానీ ఏడాది తిరగకముందే తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని ఎవరడిగినా, "వాళ్లింట్ల మగ్గం లేదు" అనేది. అంతకుమించి ఒక్క మాట కూడా ఎవరూ రాబట్టలేకపోయారు. అమ్మ పోయాక అమ్మ మగ్గంలో అక్క కూర్చుంది. మా ఇంట్లో మగ్గం గుంటలో ఉంటుంది. నేసేవాళ్లు నేలమీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, కింద తొక్కుడుచెక్కలు తొక్కుతూ, అడ్డదారం మోసే నాడెను అటూ ఇటూ విసురుతూ నేస్తారు.

అక్క నాకు పెట్టిన చట్టం ఒకటే. మగ్గం గుంటలో నా కాలు పడకూడదు.

"ఈడికొస్తే కాలిరగ్గొడ్త. పో, సదువుకోపో."

"జర ఒక్కసారి నాడె ఇసురుతనే అక్కా!"

"ఇయ్యాల నాడె అంటవు, రేపు చీరె అంటవు. నువ్వు ఆఫీసర్ కావాలె. పో."

అలా నేత ఇంట్లో పుట్టి పెరిగిన నాకు మగ్గం చప్పుడు తప్ప మగ్గం తెలియదు. చప్పుడు విని అక్క మనసెలా ఉందో చెప్పగలను. కోపంగా ఉంటే టకటకా కొట్టేది, దిగులుగా ఉంటే ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య ఎడం పెరిగేది. చీరంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. అలాంటి చీరలు నా కళ్లముందే వందలు తయారయ్యాయి. కానీ ఏ దారం ఎందులోంచి దూరుతుందో అడిగితే, ఉప్పునుంతలలో వేరుశనగ పండించే రైతులకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి. నా తరఫున వాదించడానికి నాకున్నది ఇదొక్కటే.

నాకు నాగర్‌కర్నూల్‌లో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆరేళ్లు అదే కుర్చీ, అదే ఫ్యాను. పైకుర్చీ ఎక్కాలంటే ఎంబీఏ కావాలన్నారు. అక్కకు ఫోన్ చేసి చెప్తే, "కావాలంటే కావాలె. సదువు" అంది. ఎంబీఏ అంటే ఏమిటని కూడా అడగలేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం వనపర్తిలో ఒక కాలేజీవాళ్లు ఆదివారం క్లాసులు పెట్టారు. అందులో చేరాను. ఆదివారం తెల్లారి బిజినేపల్లి మీదుగా వనపర్తి, సాయంత్రం క్లాసు అయ్యాక గద్వాల, అక్క చేతి అన్నం, సోమవారం కోడి కూయకముందే మళ్లీ నాగర్‌కర్నూల్ బస్సు. రెండేళ్లపాటు నా జీవితంలో సగం బస్సు కిటికీ పక్కన గడిచింది.

క్లాసులో నలభై మందిమి. బ్యాంకులో పనిచేసేవాళ్లు, టీచర్లు, మందుల ఏజెంట్లు, ఇద్దరు పంచాయతీ కార్యదర్శులు. పొద్దున పదికి పాఠం మొదలయ్యేది, పదింబావుకు నిద్ర మొదలయ్యేది. మాణిక్యం సార్ క్లాసులో మాత్రం ఎవరికీ రెప్ప వాలేది కాదు. ఆయన ఆపరేషన్స్ చెప్పేవారు, అంటే పని ఎలా జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో, దాన్ని ఎలా బాగుచేయాలో చెప్పే పాఠం. చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్ను. ఆ పేపరు నేను ఒకసారి తప్పాను. రెండోసారి తప్పితే పేరు కొట్టేస్తారు, ఉన్న రెండేళ్లూ గంగలో కలిసినట్టే. కాబట్టి నా బతుకంతా ఇప్పుడు ఆ ఒక్క పేపరు మీద, అందులోనూ సగం మార్కులున్న ప్రాజెక్టు మీద వేలాడుతోంది.

"పని జరిగే చోటు ఒకటి ఎంచుకోండి," అన్నారు సార్. "అక్కడ వృథా ఏందో కనిపెట్టి తీసేయండి. ఫలితం చూపించండి. నెట్‌లోంచి దింపి తెస్తే నాకు తెలిసిపోతది. నేనే మీ చోటుకు వస్త. నా కండ్లతో చూసినంకనే సంతకం."

నేను చేయెత్తాను. "సార్, యూనిట్ చిన్నదైతే?"

"ఎంత చిన్నది?"

"ఒక్క మనిషి సార్. మా అక్క. మగ్గం."

"మీ అక్కను అడిగినవా?"

"లేదు సార్."

"మొదటి తప్పు అక్కడ్నే," అన్నారు సార్. నేను దాన్ని కూడా బుద్ధిగా నోట్సులో రాసుకున్నాను. రాసుకుని, కింద గీత గీసి, అక్కను అడక్కుండానే వారం రోజులు సెలవు పెట్టి గద్వాలలో దిగాను. ఆ వారం చివర ఆదివారం క్లాసులు లేవు. ఆరోజే సార్ మా ఇంటికొస్తారు.

సోమవారం పొద్దున మగ్గానికి ఎదురుగా పీట వేసుకుని, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అక్క రెండు వరసలు నేసి తలెత్తింది.

"ఏందే గది?"

"నువ్వు ఏ పనికి ఎంతసేపు తీస్కుంటున్నవో జూస్తున్న."

"ఎందుకు?"

"ఏది పనికొచ్చేది, ఏది వృథా తేలుతది."

"తేలినంక?"

"వృథా తీసేస్తం."

"నన్ను తీసేయవు గద?" అంది అక్క. నేను నవ్వలేదు. శాస్త్రీయంగా పనిచేసేవాళ్లు నవ్వకూడదని నా అభిప్రాయం.

పుస్తకంలో పట్టిక గీశాను. నాడె విసరడం, అవసరం. తెగిన పోగు అతకడం, తప్పదు. లేచి నీళ్లు తాగడం, తగ్గించవచ్చు. గోడ అవతలి శాంతమ్మతో మాట్లాడటం, వృథా. తలెత్తి నావైపు చూసి నవ్వడం, వృథా. ఈ చివరిది రోజుకు పదకొండుసార్లు జరుగుతోందని లెక్క తేల్చి, దీన్ని నివారించడానికి పీట కొంచెం పక్కకు జరపాలని సిఫారసు కూడా రాశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ, పదకొండుసార్లూ తలెత్తి చూసిన మనిషి ముందునుంచి పీట ఎందుకు జరపాలనుకున్నానో నాకు అర్థం కాదు.

మంగళవారం చీటీలు అంటించాను. నాడెకు నాడె చీటీ, నూలు చుట్టిన కండెల బుట్టకు కండెల చీటీ, కత్తెరకు కత్తెర చీటీ. అన్నీ ఇంగ్లీషులో, లావు అక్షరాలతో. ఏ వస్తువు చోటు దానిదే, వెతుకులాట ఉండకూడదు, అది పద్ధతి.

"నాడెకు నాడె అని చెప్పాల్నా?" అంది అక్క. "దానికి తెల్వదా?"

"దానికి గాదక్కా, మనకు."

"మనకు తెల్వదా?"

గోడ అవతలినుంచి శాంతమ్మ తల పైకి లేచింది. శాంతమ్మది కూడా మగ్గమే, మాట మాత్రం మగ్గం కన్నా పెద్ద చప్పుడు.

"జములా, మీ చెల్లె ఏం జేస్తుందే గట్ల?"

"నన్ను సదువుతుంది," అంది అక్క, నాడె విసురుతూ.

గురువారం సాయంత్రానికి మగ్గం మీదున్న పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోయింది. ఆఖరి చీర కోసి మడతపెట్టింది అక్క. శుక్రవారం పొద్దున్నే ఆ చీరలు ఇచ్చేసి కొత్త పడుగు తీసుకురావడానికి నూలు ఇచ్చే సేటు ఇంటికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, "సద్ది తిను. పరేషాన్ గాకు, మీ సారుకు మంచిగనే జూపెడ్దం" అంది. ఇంట్లో నేనూ, మగ్గమూ మిగిలాం. పుట్టినప్పటినుంచి మా ఇద్దరికీ అలాంటి ఏకాంతం దొరకలేదు.

నేను గుంటలో కాలు పెట్టాను. ముప్పై రెండేళ్ల వయసులో, దొంగతనంగా. గుంట చల్లగా ఉంది. అక్క పాదాలకు నునుపు తేలిన తొక్కుడుచెక్కల మీద నా పాదాలు పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. అక్కడితో లేచి వెళ్లి సద్ది తినుంటే నేను మీకు చెప్పడానికి కథేమీ ఉండేది కాదు.

కానీ నా కళ్లు వృథాను వెతికాయి. చీర కోసేశాక మగ్గంలో మూరెడేసి దారపు కొసలు వేలాడుతున్నాయి. వేలకు వేలు. కొన్ని మురికిపట్టి, గుత్తులుగా ముడేసి, దువ్వెనలాంటి పన్నెకు ముందొక జుట్టు, వెనకొక జుట్టు అన్నట్టు ఉన్నాయి. చీర అయిపోయింది, పడుగు అయిపోయింది, మరి ఈ చెత్త దేనికి? 'అవసరం లేనిది తొలగించుట' అన్నది మా పాఠంలో మొట్టమొదటి మెట్టు. ఇంగ్లీషు చీటీ అంటించి ఉంది కాబట్టి కత్తెర వెంటనే దొరికింది.

రెండు గంటలు పట్టింది. ఒక్కటి కూడా వదల్లేదు. కోశాను, లాగాను, మొండిగా రానివాటిని దువ్వి మరీ తీశాను. పన్నెను పాత బ్రష్షుతో రుద్ది ఎండలో పెట్టాను. తీసిన దారాలన్నీ చాటలోకి ఎత్తితే ఆకుల కుప్పలా లేచింది. ఫోటో తీసి 'ముందు', 'తర్వాత' అని రాసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నిమిషంలో పదిహేడు బొటనవేళ్లు లేచాయి. "సూపర్ మేడం, మా బ్రాంచికి గూడ రాండ్రి" అని బ్యాంకు ఆయన రాశాడు. నేను పులకరించిపోయాను.

మధ్యాహ్నం అక్క ఆటో దిగింది. భుజం మీద కొత్త పడుగు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుంది. గడపలోనే ఆగింది. ఖాళీ మగ్గాన్ని చూసింది. ఎండలో మెరుస్తున్న పన్నెను చూసింది. చాటను చూసింది.

"కొసలు ఏవే?"

"ఏ కొసలు?"

"పన్నెల ఉన్నయి."

"తీసేసిన అక్కా. వేస్టుగ ఉండె."

అక్క పడుగును మెల్లగా మంచం మీద పెట్టింది. చాట దగ్గర గొంతుక్కూర్చుని పిడికెడు దారాలు చేతిలోకి తీసుకుంది. వాటిని వేళ్ల మధ్య తిప్పి చూసి, మళ్లీ చాటలో వేసింది. తిడుతుందేమోనని నేను ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"సద్ది తిన్నవా?" అంది.

"లే."

"తిను ముందుగాల."

నేను తింటుండగా చెప్పింది. ఆ ప్రతి పోగూ ఒక దారపు కంట్లోంచి, అంటే సూది బెజ్జంలాంటి ఉచ్చులోంచి దూరి, తర్వాత పన్నెలో ఒక సందులోంచి దూరి ఉంటుంది. ఏ పోగు ఎందులోంచి వెళ్లాలో వరస తప్పకూడదు, తప్పితే చీర మొత్తం తప్పుతుంది. అందుకే పడుగు అయిపోయినా కొసలు ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు బూడిద రాసుకుని, పాత కొసకు కొత్త పోగు ఒక్కోటీ మెలిపెట్టి అతికి, మెల్లగా లాగితే చాలు, పాతది కొత్తదాన్ని తనే దారి చూపించి తీసుకుపోతుంది. ఇక్కడ నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు దారి జూపేటిది లే. నాలుగు వేల పోగులు ఒక్కోటి కొత్తగ దూర్సాలె."

"ఎన్ని దినాలు?"

"పని తెలిసినోళ్లు ఇద్దరుంటే రెండు దినాలు."

"మన ఇద్దరమైతే?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "తెల్వదు," అంది.

శుక్రవారం మధ్యాహ్నం. సార్ వచ్చేది ఆదివారం. చూపించాల్సింది పెరిగిన ఉత్పత్తి. నా దగ్గరున్నది శుభ్రమైన పన్నె. ఆపదలో నా బుర్ర చురుగ్గా పనిచేస్తుంది, అదే నాకున్న జబ్బు.

"అక్కా! శాంతమ్మ మగ్గం నడుస్తుంది గద. చీటీలన్ని దానికి అంటిస్త. ఆదివారం ఒక్క గంట శాంతమ్మను నువ్వని చెప్దాం."

"శాంతమ్మ మగ్గం జూపిచ్చి పాసైతవా?"

"ఐత."

"అప్పుడు శాంతమ్మ పాసైనట్టు. నువ్వు గాదు," అంది అక్క. "లే. చేతులు కడుక్కో. నువ్వు ఎనక కూసో, నేను ముంగట కూసుంట."

అట్లా, ఏ గుంట దగ్గరికి రాకుండా ముప్పై రెండేళ్లు నన్ను తరిమిందో ఆ గుంట దగ్గరికి అక్కే నన్ను పిలిచింది. నాకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు. నా గుండెల్లో మాణిక్యం సార్ ఎర్ర పెన్ను మాత్రమే కదులుతోంది.

పని ఇలా ఉంటుంది. పన్నెకు అవతల నేను. ఇవతల అక్క, చేతిలో సన్నని కొక్కెం. నేను పడుగులోంచి ఒక పోగు వేరుచేసి అందిస్తాను. కొక్కెం సందులోంచి వచ్చి దాన్ని పట్టుకుపోతుంది. మళ్లీ ఇంకోటి. మా మధ్య ఆ దారాల తెర. దాని సందుల్లోంచి అక్క ముఖం ముక్కలుగా కనిపించేది, ఒకసారి కన్ను, ఒకసారి ముక్కుపుడక. అంత దగ్గరగా, అంతసేపు నేను అక్క ముఖం ఎప్పుడూ చూడలేదు. కనుబొమల దగ్గర తెల్లవెంట్రుకలు ఎప్పుడు వచ్చాయో కూడా నాకు తెలియదు.

ఒక వందో, రెండు వందలో అయ్యాక మాటలు వాటంతట అవే మొదలయ్యాయి. అక్క చిన్నప్పుడు బీచుపల్లి దగ్గర కృష్ణలో మునగబోయి చెప్పులు పోగొట్టుకున్న కథ చెప్పింది. బడిలో తనకు లెక్కలు బాగా వచ్చేవని చెప్పింది. నేను పుట్టిన రోజున అమ్మ మగ్గం దగ్గరే నొప్పులు పడితే, తను మంత్రసాని కోసం చెప్పుల్లేకుండా పరుగెత్తిందని చెప్పింది. ఇన్నేళ్లూ ఇవి ఎక్కడ దాచిందో!

"గా పెండ్లి సంగతి చెప్పక్కా," అన్నాను, అదను చూసి.

"పోగు ఇయ్యి," అంది అక్క. "మంచోడే. గని వాళ్లింట్ల దినమంత ఏం తోచకపోతుండె. చేతులు ఊకె ఉంటే నాకు ఏడుపొస్తది."

దీపాలు పెట్టే వేళకు అక్క కొక్కెం కింద పెట్టేసింది. దీపం పెట్టాక పోగు ముట్టకూడదు, కళ్లు మోసం చేస్తాయట. శనివారం పొద్దున్నే మళ్లీ కూర్చున్నాం. నాలుగుసార్లు వరస తప్పించాను. తప్పిన ప్రతిసారీ అక్క దాన్ని వెనక్కి తీసి, "మళ్ల ఇయ్యి" అనేది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మా క్లాసులో ఇంత ఓపికతో పాఠం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. సాయంత్రానికి సగం కూడా దాటలేదు.

ఆదివారం పదకొండు గంటలకు మాణిక్యం సార్ బండి దిగారు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఇంగ్లీషు చీటీలు ఒక్కొక్కటీ చదివారు. తృప్తిగా తలాడించారు. తర్వాత చుట్టూ చూశారు.

"సునీతా, మెరుగుపరిచిన యూనిట్ ఏది?"

నేను మగ్గం చూపించాను.

"ఇది నడుస్తలేదు గద?"

"లేదు సార్."

"ఎప్పటినుంచి?"

"మెరుగుపరిచినప్పటినుంచి సార్."

ఆయన చేయి జేబులోని పెన్ను మీదికి వెళ్లింది. నా పేరు కొట్టేసే చప్పుడు నాకు ముందే వినిపించింది. అప్పుడు అక్క తెర వెనకనుంచి తల పక్కకు వంచింది.

"దండం సార్. నీళ్లు తాగుండ్రి. తాగినంక జర ఈడ కూసోండ్రి. మా చెల్లె వేళ్లు వాసినయి, పోగులు ఇచ్చేటోళ్లు కావాలె."

"నేనా?"

"మీరే గద సార్ దానికి గివన్ని నేర్పిచ్చింది?"

సార్ నా వైపు చూశారు, అక్క వైపు చూశారు, చేతిగడియారం తీసి జేబులో పెట్టుకున్నారు. ప్యాంటు పైకి లాక్కుని, నా పక్కన నేలమీద కూర్చున్నారు. పావుగంట బాగానే సాగింది.

"ఆగుండ్రి సార్. ఒకటి తప్పిచ్చిండ్రు."

"లేదమ్మా, లెక్కపెట్టుకుంటనే ఇస్తున్న."

"గందుకే తప్పింది సార్. లెక్కపెడితే తప్పుతది. వేలుకు తెలవాలె."

అక్క ముప్పై పోగులు వెనక్కి తీసింది. మా కాగితాలన్నీ కొట్టేసే మాణిక్యం సార్, తన పనిని కొట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నారు. గోడమీదినుంచి శాంతమ్మ, "సారును గూడ ఫెయిల్ జేసినవా జములా?" అని అడిగింది. సార్ అందరికంటే ముందు నవ్వారు.

తర్వాత ఆయన మెల్లగా అడిగారు. "ఈ వరస మొదట ఎవరు పెట్టినరమ్మా?"

"మా అమ్మ సార్," అంది అక్క, కొక్కెం ఆపకుండా. "పోయేముందుటేడు దూర్సింది. అక్కడొకటి ఇక్కడొకటి తెగితే మార్సుకుంటి గని మొత్తం ఎన్నడు తియ్యలే. అమ్మ పడుగు కొసకు నా పడుగు, దాని కొసకు ఇంకోటి, గట్ల అతుక్కుంటనే వస్తి. పదమూడేండ్లాయె."

నా చేతిలో పోగు ఆగిపోయింది. చాటలో ఆకుల కుప్పలా ఎత్తిపోసింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. సార్ ముందు ఏడవకూడదని ముక్కు తుడుచుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నిన్ను మగ్గం కాడికే రానియ్యకపోతి. రానిదానికి ఏం జెప్త? తప్పు నాది గూడ ఉంది." కొక్కెం సందులోంచి వచ్చి నా వేలి మీద చిన్నగా కొట్టింది. "ఇయ్యి. ఇప్పుడిది నువ్వు, నేను దూర్సిన వరస. మీ సారు గూడ ఒక ముప్పై పోగులు."

సార్ నాలుగింటిదాకా ఉన్నారు. వెళ్లేముందు వాకిట్లో, "రిపోర్టు ఏం రాస్తవు?" అని అడిగారు.

"ఏం రాయమంటరు సార్?"

"జరిగింది రాయి."

రాశాను. యూనిట్, ఒక మగ్గం. గుర్తించిన వృథా, నాలుగు వేల పోగులు. తీసుకున్న చర్య, కత్తెర. ఫలితం, ఉత్పత్తి సున్నా. పనికి అడ్డం ఎక్కడ ఉన్నది అన్న గడిలో నా పేరు, పూర్తి ఇంటిపేరుతో రాశాను. క్లాసులో ముప్పై తొమ్మిది మంది ఉత్పత్తి పెంచి చూపించారు. సున్నా చేసింది నేనొక్కదాన్నే. మార్కులు అందరికంటే నాకే ఎక్కువ వచ్చాయి. సార్ ఎర్ర పెన్నుతో కింద ఒక ముక్క రాశారు: "అడ్డం ఎక్కడుందో సరిగ్గా చెప్పిన ఏకైక ప్రాజెక్టు."

అక్కకు ఫోన్ చేశాను.

"పాసైన అక్కా! అందరికన్న ఎక్కువ!"

"మగ్గం ఆపినందుకా?"

"ఆపినందుకే."

"ఇంకో రెండు దినాలు ఆపితే బంగారు పతకమిస్తుండిరి గదనే!"

ఆ నవ్వు ఫోనులోంచి ఇప్పటికీ వినిపిస్తుంది. పైకుర్చీ వచ్చింది. పటం గోడకెక్కింది. కథ ఇక్కడితో ఆపితే మీరు హాయిగా నవ్వుకుని లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఒక్క ముక్క దాచిపెట్టాను, అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

సార్ వచ్చి వెళ్లిన మర్నాడు ఇంకో రోజు సెలవు పెట్టాను. ఆ సోమవారం మధ్యాహ్నం ఆఖరి పోగు మిగిలింది. అక్క కొక్కెం నా చేతికిచ్చి, "నువ్వే దూర్సు" అంది. దూర్చాను. అక్క దాన్ని రెండు వేళ్లతో లాగి చూసింది, మంచిగుందని తలూపింది. నేను పన్నెకు అవతల ఇంకా కూర్చునే ఉన్నాను.

"ఇగ లెవ్వు," అంది. "అయిపాయె గద. పో, సదువుకోపో."

నేను లేచాను. నడుము పట్టేసింది, వేళ్లు వాచాయి, రిపోర్టు రాయాలి, బస్సు అందుకోవాలి. ఎంత సంబరంగా లేచానో! "ఇంకొంచెంసేపు కూర్చుంటానే" అన్న మాట నా నోటికి రాలేదు. చిన్నప్పుడు తరిమినప్పుడల్లా ఏడ్చిన నేను, ఆరోజు తరమగానే పరుగెత్తాను.

అక్క పోయి రెండేళ్లయింది. జ్వరమని దవాఖానలో చేర్పిస్తే వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. మగ్గాన్ని శాంతమ్మ కోడలు అడిగి తీసుకుంది. "కొసలు కొయ్యకుండ తీస్కపోత అక్కా" అని నాకు నేర్పినట్టు చెప్పింది. ఆ వరస మీద ఆమె ఇప్పుడు నేస్తోంది. గద్వాల వెళ్లినప్పుడల్లా గోడకు ఇవతల నిలబడి చప్పుడు వింటాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం వేరుగా ఉంటుంది, ఆ మనసు ఎవరిదో నాకు తెలియదు. "లోపలికి రా అక్కా" అని ఆమె పిలుస్తుంది. ఆఫీసు పనుందని చెప్పి వచ్చేస్తాను. అక్కతో గడిపిన ఏళ్లన్నీ ఒక ఎత్తు, నా తెలివితక్కువతనం వల్ల దొరికిన ఆ మూడు రోజులు ఒక ఎత్తు. ఇంత చదివినా, అలాంటివి ఇంకో మూడు రోజులు ఎలా సంపాదించాలో నాకు రాలేదు.

కాబట్టి చదివేవారందరి సాక్షిగా, విత్తనాల కంపెనీ మేనేజర్ హోదాలో, కుడిచేయి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతవరకు ఏ మగ్గం జోలికీ పోను. అర్థం కానిదాన్ని చెత్త అనను. అడక్కుండా ఎవరి పనీ బాగుచేయను. ఈ ప్రమాణానికి ఒకే ఒక మినహాయింపు ఉంది. జములక్క ఒక్క ఆదివారం వచ్చి, పన్నెకు ఇవతల కూర్చుని, "ఇయ్యి" అని చేయి చాపుతానంటే, ఆ నాలుగు వేల పోగులూ ఇప్పుడే, ఈ క్షణమే, మళ్లీ కోసేస్తాను.